పాత కారు ఫిల్లర్ పైపుకు తుప్పు: విప్పి బాగుచేయడం, మళ్లీ పాడవకుండా కాపాడటం

ట్యాంక్ ఫుల్ చేయించిన రోజు మాత్రమే కారు దగ్గర పెట్రోల్ వాసన వస్తూ, సగం ట్యాంకుతో తిరిగినన్నాళ్లు ఏమీ లేకపోతే, ముందు అనుమానించాల్సింది ట్యాంకును కాదు. బంకులో గన్ పెట్టే మూత దగ్గర మొదలై ట్యాంకు దాకా దిగే ఫిల్లర్ పైపును. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే ఈ పైపులో పెట్రోల్ నిలబడుతుంది. రెండు మూడు లీటర్లు వాడుకోగానే మట్టం దిగిపోయి లీకు తనంతట తాను ఆగినట్టు కనిపిస్తుంది. అందుకే చాలామంది ఏళ్ల తరబడి పట్టించుకోరు.

ఏపీ 24, ఏపీ 22 నంబర్లతో నల్లగొండ, పాలమూరు రోడ్ల మీద ఇంకా తిరుగుతున్న కార్లు చాలా ఉన్నాయి. వాటిలో మంచి ఇంజిన్ ఉన్నవి తక్కువేమీ కాదు. అలాంటి బండి ఒక పైపు తుప్పు వల్ల ప్రమాదంలో పడటం గానీ, పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ దగ్గర ఆగిపోవడం గానీ జరగకూడదు. ఓపిక ఉన్నవాళ్లు ఈ పని ఇంటి దగ్గర చేసుకోవచ్చు. మెకానిక్‌తో చేయించినా, ఏ దశలో ఏం అడగాలో తెలిసి ఉండాలి.

ఈ పైపే ఎందుకు పోతుంది

చాలా పాత కార్లలో ఫిల్లర్ పైపు ఇనుముది. వెనక చక్రం పైన ఉండే గూడులో, టైరుకు జానెడు దూరంలో కిందికి దిగుతుంది. ట్యాంకుకు కలిసేచోట మందపాటి రబ్బరు హోస్, రెండు వైపులా క్లిప్పులు ఉంటాయి. పక్కనే ఇంకో సన్న పైపు ఉంటుంది. పెట్రోల్ లోపలికి దిగేటప్పుడు ట్యాంకులోని గాలి దాంట్లోంచే పైకి వస్తుంది. మన మెకానిక్‌లు దీన్ని బ్రీదర్ పైపు అంటారు. ఈ రెండింటికీ, టైరుకూ మధ్య ఒక ప్లాస్టిక్ లైనర్ అడ్డుగా ఉండాలి. పాత బండ్లలో అది విరిగిపోయో, క్లిప్పులు ఊడి వేలాడుతోనో, లేదా ఎప్పుడో పంచర్ వేయించినప్పుడు పీకేసో ఉంటుంది. కొన్ని మోడళ్లకు కంపెనీ నుంచే లైనర్ లేదు.

ఇక మన నేల సంగతి. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వానకాలం, యాసంగి నాట్లప్పుడు కేజ్ వీల్స్ వేసుకున్న ట్రాక్టర్లు పొలం బురదను తారు రోడ్డెక్కిస్తాయి. కారు వెనక చక్రం ఆ బురదను నేరుగా తెచ్చి పైపు మీద కొడుతుంది. అచ్చంపేట, కొల్లాపూర్ వైపు చెల్క దారుల్లో, కంకర పోసి వదిలేసిన రోడ్ల మీద పని వేరుగా మొదలవుతుంది. ముందు చిన్న రాళ్లు పెయింట్‌ను చెక్కేస్తాయి. ఆ తర్వాత ఒక్క వానకు రేగడి బురద తగిలితే చాలు, ఇనుముకు అంటుకుని తడిని రోజుల తరబడి పట్టి ఉంచుతుంది. పైన ఆరినట్టు కనిపించినా లోపల తడే.

పైపు నిటారుగా ఉన్న భాగం తొందరగా పోదు. బురద కూర్చునే మూడు చోట్ల పోతుంది: పైపును బాడీకి పట్టి ఉంచే బ్రాకెట్ దానికి వెల్డ్ అయిన మూల, బ్రీదర్ పైపు పెద్ద పైపును కలిసే సందు, హోస్ క్లిప్ అంచు. అక్కడ వేలు పెట్టి చూడకుండా పైపు బాగానే ఉందని చెప్పకండి. ఇంకో మాట: చవుడు ఎక్కువున్న బోరు నీళ్లతో కడిగి, బురద పూర్తిగా వదలకముందే ఆపేస్తే ఉప్పు కూడా అక్కడే చేరుతుంది.

లీకు నిజంగా ఇక్కడే ఉందా

ఫుల్ ట్యాంకు వాసనకు ఇంకో కారణం కూడా ఉంది. ట్యాంకు పైభాగాన పెట్రోల్ మోటార్ (పంపు) లేదా గేజ్ ఫ్లోట్ బిగించే చోట వాషర్ ఎండిపోయినా ఇదే లక్షణం వస్తుంది. చాలా కార్లలో వెనక సీటు ఎత్తితే ఆ మూత కనిపిస్తుంది. అక్కడ తడి, వాసన ఉంటే సమస్య వేరు. కారు లోపల కంటే బయట, వెనక చక్రం దగ్గర వాసన ఎక్కువగా ఉంటే ఫిల్లర్ పైపు వైపు రండి.

చక్రం విప్పి, లైనర్ తీసి, టార్చ్ వేసి చూడండి. పెట్రోల్ కారిన దారిలో దుమ్ము నల్లటి చారగా అంటుకుని ఉంటుంది. చార పైకొస ఎక్కడ మొదలైందో లీకు దాదాపు అక్కడే. అనుమానంగా ఉన్న చోట పాత న్యూస్‌పేపర్ ముక్క చుట్టి కాసేపయ్యాక తీసి వాసన చూస్తే తెలిసిపోతుంది.

బంకులో గన్ మాటిమాటికీ కట్ అవుతోందా? పైపులో రంధ్రం కాదు, బ్రీదర్ మూసుకుపోయిందనో, హోస్ మడత పడిందనో అర్థం. వాన పడ్డాక ఇంజిన్ కొట్టుకుంటూ నడుస్తోందంటే పైనుంచి నీళ్లు దిగుతున్నాయేమో చూడాలి. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌లో నీళ్ల సమస్య ముందుకంటే పెద్దది. మన దేశంలో 2022 జూన్ నాటికి పెట్రోల్‌లో పది శాతం ఇథనాల్ కలపడం జరిగింది. 2023 ఫిబ్రవరి నుంచి ఎంపిక చేసిన బంకుల్లో ఇరవై శాతంది మొదలై ఆ తర్వాత అన్నిచోట్లకూ పాకింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు ఒక హద్దు దాటితే రెండూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. పాతకాలపు రబ్బరు కూడా ఈ పెట్రోల్‌కు ఉబ్బి, మెత్తబడి, తర్వాత పగుళ్లిస్తుంది. అందుకే పైపు విప్పినప్పుడు హోస్ బాగానే కనిపించినా మార్చేయమంటాను.

నిప్పు జాగ్రత్త

ఈ భాగం దాటేసి పనిలోకి దిగకండి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువైనది. నేల మీదుగా పాకి గుంతల్లో, గది మూలల్లో నిలుస్తుంది. మనకు పది అడుగుల దూరంలో ఉన్న పొయ్యి, అగర్‌బత్తి, ఇన్వర్టర్ స్విచ్, డ్రిల్ మిషన్ దాన్ని అంటించగలవు. కాబట్టి పని ఆరుబయటే, పొద్దున చల్లపూట చేయాలి. రేకుల షెడ్డులో వద్దు, గుంత మీద వద్దు, గడ్డివాము పక్కన అసలే వద్దు. పౌడర్ రకం ఫైర్ సిలిండర్ ఒకటి చేతికందేలా ఉండాలి. బ్యాటరీ నెగటివ్ వైరు ముందే తీసేయాలి. కరెంటుతో నడిచే గ్రైండర్, డ్రిల్ కారు దగ్గర వాడకూడదు. వైర్ బ్రష్ చేత్తోనే.

కారుకు ఉండగా పైపుకు గ్యాస్ గానీ కరెంటు గానీ వెల్డింగ్ పెట్టించకండి. "ట్యాంకు ఖాళీయే కదా, తడిబట్ట చుట్టి ఒక టాకా వేద్దాం" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఖాళీ ట్యాంకే నిండు ట్యాంకు కంటే ప్రమాదం. నిండు ట్యాంకులో ఆవిరికి చోటు తక్కువ. ఖాళీ ట్యాంకంతా ఆవిరీ గాలీ కలిసి ఉంటాయి. ఎంత అనుభవమున్న వెల్డరు చెప్పినా ఒప్పుకోవద్దు.

పెట్రోల్ తీయడానికి గొట్టం నోట పెట్టి గుంజడం కూడా మానాలి. ఊపిరితిత్తుల్లోకి కొంచెం పోయినా ఆసుపత్రి పాలవుతారు. దీనికి తేలికైన దారి ఉంది: పని పెట్టుకున్న వారంలో కొత్తగా పోయించకుండా తిరిగి, ట్యాంకు పావుకంటే తక్కువకు రానివ్వండి. తీయాల్సిన అవసరమే ఉండదు, ఇంట్లో డబ్బాల్లో దాచాల్సిన గొడవా ఉండదు.

విప్పడం

ముందురోజు రాత్రే తుప్పు పట్టిన బోల్టులకు, క్లిప్ స్క్రూలకు డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదులు చేసే స్ప్రే కొట్టి వదిలేయండి. పొద్దునకు సగం పని అయిపోతుంది. వదలని బోల్టును వేడిచేసి తీసే అలవాటు ఇక్కడ పనికిరాదు. సరైన సైజు పానాతో కొంచెం బిగించి, కొంచెం వదులు చేస్తూ ముందుకూ వెనక్కూ ఆడిస్తే వస్తుంది. అయినా రాకపోతే హ్యాక్సా బ్లేడుతో చేత్తో నెమ్మదిగా, నూనె చుక్కలు వేస్తూ కోయాలి. అదీ కారుతున్న పెట్రోల్ ఏమీ లేదని చూసుకున్నాకే.

కారు సమానమైన గట్టి నేల మీద ఉండాలి. చాలా కార్లకు హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలకే పనిచేస్తుంది. వెనక ఒకవైపు ఎత్తాక ఆ పట్టు సగమే మిగులుతుంది. కాబట్టి గేరులో పెట్టి, ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టండి. వీల్ నట్లు నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తండి. ఎత్తాక బరువును జాక్ స్టాండ్ మీదికి దించాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు చెప్పకుండా పగులుతాయి.

చక్రం, లైనర్ తీశాక మట్టినంతా మెత్తటి బ్రష్‌తో దులపండి. నీళ్లు కొట్టాలంటే ముందురోజే కొట్టి ఆరనివ్వాలి. తెరిచిన ట్యాంకులోకి ఒక్క చుక్క బురద నీరు పోయినా తర్వాత ఫిల్టర్ దగ్గర తేలుతుంది. ఏ హోస్ ఎటు పోతోంది, క్లిప్ స్క్రూ ఏ వైపు ఉంది అన్నది లైనర్ తీసిన వెంటనే ఫొటో తీసుకోండి. పెట్రోల్ భాగాలు విప్పడం మొదలయ్యాక ఫోన్ దూరంగా పెట్టేయండి.

మూత తీసి ట్యాంకులో ఒత్తిడి పోనిచ్చి, మళ్లీ పెట్టండి. కింద ఇనుప ట్రే పెట్టి క్లిప్పులు వదులు చేయండి. ఏళ్ల నాటి హోస్ పైపుకు అతుక్కుపోయి ఉంటుంది. స్క్రూడ్రైవర్ దూర్చి పెకిలిస్తే ట్యాంకు మూతి వంగుతుంది, అది పైపు కంటే పెద్ద ఖర్చు. ఎలాగూ పారేసే హోసే కదా, బ్లేడుతో నిలువుగా చీల్చి ఒలిచేయండి. లోపలి ఇనుము మీద గీత పడకుండా చూడండి. హోస్ ఊడగానే ట్యాంకు మూతిలో శుభ్రమైన గుడ్డ దూర్చి, పైన మందపాటి కవర్ కప్పి కట్టేయాలి. తర్వాత బ్రాకెట్ బోల్టు, పైన మూత చుట్టూ ఉండే స్క్రూలు తీస్తే పైపు మొత్తం చేతికొస్తుంది.

ఉంచాలా, మార్చాలా

పైపును సబ్బు నీళ్లతో లోపలా బయటా కడిగి, వాసన పోయేదాకా ఎండలో ఆరబెట్టండి. ఆరాక వైర్ బ్రష్‌తో తుప్పంతా రాల్చి, నేను పైన చెప్పిన మూడు చోట్లా సన్న స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. ఇక్కడ మొహమాటం వద్దు. పొడిస్తే దిగే ఇనుము రేపో మాపో ఎలాగూ పోతుంది.

కంటికి కనపడని రంధ్రం కోసం పంచర్ షాపు నీళ్ల తొట్టి మంచి సాధనం. అన్ని మూతులూ రబ్బరు బిరడాలతో మూసి, ఒకదాంట్లోంచి సైకిల్ పంపుతో మెల్లగా గాలి కొట్టి ముంచితే బుడగలు చెబుతాయి. పంచర్ షాపులో వేడి పెట్టే మిషన్ ఉంటుంది. పెట్రోల్ వాసన పూర్తిగా పోని పైపును అక్కడికి తీసుకెళ్లకండి.

బుడగ రాలేదు, ఇనుము గట్టిగా ఉంది, పైపైన తుప్పే అంటే పెయింట్ పనితో సరిపోతుంది. రంధ్రం ఉంటే మార్చడమే నా సలహా. ఎంసీల్ లాంటి పుట్టీలు బంకు నుంచి ఇంటికి చేర్చడానికి పనికొస్తాయేమో గానీ, రోడ్డు అదురుకు, పెట్రోల్‌కు ఎక్కువ రోజులు నిలవవు. లోపలి గోడకు కూడా తుప్పు పొరలు లేస్తుంటే, బయట ఎంత బాగున్నా ఆ పైపు వద్దు. ఆ పొలుసులు ట్యాంకులోకి, అక్కడ్నుంచి ఫిల్టర్‌కు, మోటార్‌కు చేరతాయి. ప్లాస్టిక్ పైపు అయితే పగులుకు జిగురు పెట్టే ఆలోచనే వద్దు.

కొత్తది దొరికితే సరే. పాత మోడళ్లకు దొరకకపోతే రెండు దారులు. ఒకటి, పాత సామాన్ల దుకాణంలో అదే మోడల్ పైపు. కొనేముందు ఆ మూడు చోట్లా అక్కడే పొడిచి చూడాలి. రెండోది, మంచి ఆర్గాన్ వెల్డింగ్ షాపులో 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో కొత్తగా చేయించడం. ఖర్చు ఎక్కువైనా, ఇంకా చాలా ఏళ్లు ఉంచుకునే బండికి ఇదే నాకు నచ్చుతుంది. నమూనాగా పాత పైపునే ఇవ్వండి. వంపులు, బ్రీదర్ కలిసే చోటు, పైన గన్ దూరే మూతి సైజు, హోస్ జారకుండా ఆపే ఉబ్బెత్తు అంచు అన్నీ అచ్చు అలాగే రావాలి. బ్రీదర్‌ను "ఎందుకులే" అని వదిలేస్తే బంకులో లీటరు పోయడానికి పావుగంట పడుతుంది.

పెయింట్

తుప్పు తీసిన ఇనుముకు ముందు రస్ట్ కన్వర్టర్ రాయాలి. ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రకం మిగిలిన తుప్పును నల్లటి పొరగా మారుస్తుంది. డబ్బా మీద రాసినంతసేపు ఆరాకే ఎపాక్సీ ప్రైమర్ రెండు పూతలు, దానిమీద రెండు డబ్బాలు కలిపి వాడే పీయూ (పాలీయురేథేన్) పెయింట్. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే రాసి వదిలేయడం మన దగ్గర మామూలే, కానీ అది పైపూత లేకుండా తడిని ఆపలేదు.

కారు అడుగున కొట్టే తారు లాంటి నల్లటి కోటింగ్ ఈ పైపుకు వద్దు. పెట్రోల్ పడితే అది కరుగుతుంది. ఎక్కడైనా చిట్లితే ఆ పొర కింద నీళ్లు చేరి బయటికి కనపడకుండా ఇనుమును తింటాయి.

హోస్ కూర్చునే కొసల్లో పూత పలచగా, నునుపుగా ఉండాలి. బ్రాకెట్ బోల్టు బిగిసే చోట మాత్రం పెయింట్ గీకి ఇనుము బయటపెట్టాలి. దీన్ని చాలామంది మర్చిపోతారు. పెట్రోల్ గన్ లోంచి పారేటప్పుడు స్టాటిక్ కరెంటు పుడుతుంది. అది పైపు నుంచి కారు బాడీకి పోయే దారి ఈ బోల్టే, లేదా దాని పక్కన ఉండే చిన్న ఎర్త్ వైరు. బిగించాక మల్టీమీటర్ ఒక కొస ఫిల్లర్ మూతికి, ఇంకో కొస బాడీ బోల్టుకు పెడితే బీప్ రావాలి. వచ్చాక బోల్టు తల మీద పైనుంచి పూత వేసుకోవచ్చు.

తిరిగి బిగించడం

హోస్ కొనడంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. సైజు కుదిరిందని రేడియేటర్ హోస్ ముక్క వేస్తారు. ఆ రబ్బరు వేడి నీళ్లకు చేసింది, పెట్రోల్‌కు ఉబ్బిపోతుంది. బ్రీదర్‌కు పారదర్శక ప్లాస్టిక్ ట్యూబ్ వేస్తే కొన్నాళ్లకు కట్టెలా గట్టిపడి పగులుతుంది. హోస్ మీద ఫ్యూయల్ అని, ఎస్ఏఈ జె30 (SAE J30, ఇంధన హోస్‌ల ప్రమాణం) అని ముద్ర ఉందో లేదో చూసి, ఇథనాల్ పెట్రోల్‌కు పనికొస్తుందని అడిగి తీసుకోండి. వెర్నియర్‌తో పైపు బయటి కొలత తీసుకుని వెళ్తే తిరుగుడు తప్పుతుంది.

క్లిప్పులు స్టెయిన్‌లెస్ స్టీలువి, అంచులు లోపలికి కోసుకుపోని రకం కావాలి. హోస్ ఎక్కడానికి కొంచెం సబ్బు నీళ్లు రాస్తే చాలు, గ్రీజు వద్దు. క్లిప్ ఉబ్బెత్తు అంచును దాటి, పైపు కొసకు దూరంగా ఉండే వైపు కూర్చోవాలి. అంచు మీదే బిగిస్తే జారుతుంది. స్క్రూ తల టైరు వైపు కాకుండా, రేపు స్క్రూడ్రైవర్ అందే వైపు తిప్పండి. రబ్బరు కొంచెం ఉబికేదాకా బిగిస్తే చాలు, అంతకంటే బిగిస్తే హోస్ తెగుతుంది. బ్రీదర్ ఎక్కడా మడత పడకూడదు, మధ్యలో జోలెలా వేలాడకూడదు. వేలాడిన చోట పెట్రోల్ నిలిచి గాలి ఆగిపోతుంది. ట్యాంకు మూతిలో గుడ్డ తీశారా అని ఇంకొకసారి చూసుకోండి.

పరీక్ష కోసం మొదట ఐదు లీటర్లు పోయించి, చక్రం పక్కన పేపరు పరిచి అరగంట చూడండి. తర్వాత గన్ తనంతట ఆగేదాకా ఫుల్ చేయించి, మళ్లీ చూడాలి. ఒక రోజు గుంతల రోడ్డు మీద తిరిగొచ్చాక క్లిప్పులు ఇంకోసారి చేత్తో పట్టి చూసి, అప్పుడు లైనర్ పూర్తిగా బిగించండి.

బురదను దూరం పెట్టడం

పైపు ఎంత మంచిదైనా చక్రం కొట్టే బురద ఆగకపోతే మళ్లీ అదే కథ. లైనర్ దొరికితే కొత్తది వేయించండి. దొరకకపోతే రెండు మూడు మిల్లీమీటర్ల గట్టి ప్లాస్టిక్ షీటు కొనుక్కుని, అట్టముక్కతో గూడు ఆకారం కొలిచి కోసుకోవచ్చు. టైరు ఎగిరినప్పుడు, లోడు ఉన్నప్పుడు తగలకుండా వెనుక సీటులో నలుగురిని కూర్చోబెట్టి ఎడం చూసుకోవాలి. షీటు పైన, పక్కల మూసుకుని ఉండాలి, అడుగున మాత్రం రెండు వేళ్లు దూరేంత ఖాళీ వదలాలి. అడుగు కూడా మూసేస్తే లోపల చేరిన మట్టి బయటికి రాదు, అప్పుడు అడ్డు లేనిదే నయం. సందుల్లో స్పాంజి కుక్కే వాళ్లున్నారు. స్పాంజి తడి పట్టి ఉంచుతుంది, కాబట్టి వద్దు. బ్రాకెట్‌కూ షీటుకూ మధ్య రబ్బరు వాషర్ వేస్తే రాపిడి ఉండదు. వెనక మడ్ ఫ్లాప్ లేకపోతే అది కూడా పెట్టించండి.

మూత తెరిస్తే కనిపించే గిన్నె లాంటి చోట అడుగున ఒక చిన్న రంధ్రం, దాన్నుంచి సన్న గొట్టం ఉంటుంది. వాన నీళ్లూ, ఒలికిన పెట్రోలూ దాంట్లోంచి కిందికి పోవాలి. మన దుమ్ముకు అది త్వరగా మూసుకుపోతుంది. నీళ్లు మూత చుట్టూ నిలిచి, వాషర్ ఎండిపోయి ఉంటే నేరుగా ట్యాంకులోకి దిగుతాయి. ప్లాస్టిక్ తీగ దూర్చి శుభ్రం చేసి, అర గ్లాసు నీళ్లు పోసి కింద కారుతున్నాయో చూడండి. ఈ పరీక్ష మాత్రం మూత గట్టిగా బిగించి ఉంచి చేయాలి.

నాట్లు అయిపోయాక ఒకసారి, వానకాలం ముగిశాక ఒకసారి చక్రం గూడు లోపల నీళ్లు కొట్టించండి. సర్వీసింగ్ షాపుల్లో ప్రెషర్ గన్ బయటి బాడీ మీదే ఎక్కువ తిరుగుతుంది, పక్కనే నిలబడి లైనర్ వెనక్కు కొట్టమని అడగాలి. బోరు నీళ్లు చవుడైతే చివర్లో మంచినీళ్లు రెండు బకెట్లు పోస్తే మంచిది. బంకులో గన్ ఒకసారి ఆగాక "ఇంకో యాభై రూపాయలకు రౌండ్ చేయన్నా" అనడం మానండి. ఆ పై పెట్రోలంతా పైపులోనే నిలబడి, మన ఎండకు వ్యాకోచించి, బలహీనంగా ఉన్న చోటు వెతుక్కుంటుంది.

కారు వడ్ల బస్తాల పక్కన నెలల తరబడి నిలిపి ఉంచేవాళ్లకు ఎలుకల బెడద ఉంటుంది. బ్రీదర్ హోస్‌ను కొరకడం వాటికి పెద్ద పని కాదు. అలా నిలిపిన బండిని బయటికి తీసేముందు ఆ హోస్ మొత్తం పొడవునా చేత్తో తడిమి చూడాలి. పాత కారు కొనబోయేవాళ్లయితే బేరానికి ముందు అమ్మేవారిని ట్యాంకు ఫుల్ చేయించమనండి, డబ్బులు మీరే ఇచ్చినా పర్లేదు. పది కిలోమీటర్లు తిరిగొచ్చి, కారు ఆపి, వెనక చక్రం పక్కన వంగి వాసన చూడండి.